కానెల్ చుట్టూ మూడు బోన్లు

మొదటి దెబ్బ కొట్టింది ఓవీడే. చేతిలో గ్యాస్ బండ బిగించే పానా ఉంది, ఎదురుగా బావమరిది తెలెస్ఫోర్ చెవి ఉంది. ఆ రెండూ కలిశాయి. ఇంతకీ దేనికయ్యా అంటే, పెరట్లో లేచిన గుప్పెడు పొగ కోసం.

పొగ సంగతి చెప్పాలంటే ముందు ఆవు సంగతి చెప్పాలి. లూసియానా దక్షిణపు కొసన, సముద్రానికీ చిత్తడికీ మధ్య ఉన్న ఆ సన్నటి నేల మీద, తుఫాను ఓవీడ్ మందలో ఒకే ఒక్క ఆవును మిగిల్చింది. ఎర్రావు, పేరు కానెల్. మిగతావి ముళ్ళతీగలకు వేలాడుతూ కొన్ని, కాలవలో పొట్టలుబ్బి కొన్ని దొరికాయి. కొనఊపిరితో ఉన్నవాటిని ఓవీడే తుపాకీతో కాల్చాడు. కాల్చి కాల్చి భుజం కమిలిపోయింది. కానెల్ మాత్రం ఎలా ఈదిందో ఏమో, కరకట్ట మీద నిలబడి, ఇంతసేపా రావడం అన్నట్టు చూసింది. పైగా నిండు చూలు. రేపో మాపో ఈనేలా ఉంది.

అవి ఓవీడ్ భార్య ఎల్మీర్ తండ్రి జీవితమంతా పెట్టి పెంచిన జాతి పశువులు. ఆయన పోయాక మంద కూతురికి వచ్చింది. మందతో పాటు మొగుడూ తమ్ముడూ రోజూ కీచులాడుకోవడమూ వచ్చింది. తుఫాను తర్వాత ఎల్మీర్ ఏడవలేదు. ఎగిరిపోయిన ఇంటికప్పు మీద నీలం పట్టా పరుస్తూ మొగుడితో ఒక్క మాట అంది.

"ఈ ఆవుంటే ఉంటాను. ఇదీ పోయిందా, ఉత్తరాన మా పిన్ని దగ్గరికి పోతా. వస్తే రా, లేదా ఇక్కడే కప్పలతో కాపరం చేసుకో."

ఎల్మీర్ ఒకసారి అన్నదంటే అన్నదే. ఓవీడ్ ఈ చిత్తడి వదిలి బతకగలిగే మనిషి కాడు. ఎల్మీర్ లేకుండా బతకగలిగే మనిషి అసలే కాడు.

తరవాత నీళ్ళు తీశాయి. తీసిన నీళ్ళ వెనకే దోమలు లేచాయి. ఏటా ఉండే దోమలైతే అక్కడి జనం పట్టించుకోరు, చెయ్యి విసురుతూనే అన్నం తింటారు. ఇవి ఆ దోమలు కావు. ఏళ్ళ తరబడి ఎండు మట్టిలో పడున్న గుడ్లన్నీ ఉప్పునీళ్ళు తగిలి ఒక్కసారే పగిలాయి. కుక్క మొరుగుదామని నోరు తెరిస్తే గొంతు నిండి దగ్గింది. కాలవ అవతల ఎవరిదో ఎద్దు పగలంతా గుండ్రంగా పరిగెత్తి పరిగెత్తి కూలిపోయింది. తెలెస్ఫోర్ వెళ్ళి చూశాడు. ఎద్దు నల్లగా ఉంది. అది తెల్ల ఎద్దు.

అది చూశాకే అతను బండి వేసుకుని అక్కగారింటికి వచ్చాడు. వచ్చి చూస్తే పెరట్లో కానెల్ గుంజకు కట్టేసి ఉంది. దాని చుట్టూ మూడు దోమల బోన్లు, పూజకు కూర్చున్నట్టు.

ఓవీడ్‌కు ఆ బోను మీద ఉన్న నమ్మకం పాస్టరుగారికి బైబిలు మీద కూడా ఉండదు. గ్యాసు సన్నగా మండుతుంది, పశువు ఊపిరిలాంటి వెచ్చటి గాలి బయటికి వస్తుంది, దోమ మోసపోయి దగ్గరికి వస్తుంది, లోపలి ఫ్యాను దాన్ని వల సంచిలోకి లాగేస్తుంది. పోయిన వేసవిలో కాలవ గట్టు దగ్గర, ఇంటికి దూరంగా పెట్టాడు. నిజం చెప్పాలంటే పని చేసింది కూడా. సాయంత్రాలు ఎల్మీర్ వసారాలో కూర్చుని చెయ్యి విసరకుండా కాఫీ తాగింది. అంతే, ఓవీడ్ ఒళ్ళు మరిచిపోయాడు. వారం వారం సంచి తెచ్చి చుట్టాల ముందు కాగితం మీద బోర్లించేవాడు. తినే పళ్ళెం పక్కనే! వద్దన్నవాళ్ళకు రెండోసారి కూడా చూపించేవాడు.

"పట్టినవాటిని చూపిస్తున్నావు సరే బావా," అనేవాడు తెలెస్ఫోర్, "పట్టనివాటిని ఎప్పుడు చూపిస్తావు?"

"నీ బుర్రలో ఉన్నాయి, వెళ్ళి వెతుక్కో."

ఇప్పుడు ఊరు ఖాళీ అయింది. ఇరుగుపొరుగు పెరళ్ళలో తుఫానుకు మిగిలిన బోన్లు రెండు ఏరుకొచ్చి, తనదానితో కలిపి ఆవు చుట్టూ నిలబెట్టాడు ఓవీడ్. సంచులు పొద్దున్నుంచి రెండుసార్లు నిండాయి. నిండిన సంచి చూసినప్పుడల్లా అతని ఛాతీ ఉబ్బింది.

"బావా, వీటిని దూరంగా పెట్టాలి కదా! ఆవు పక్కన పెట్టావేంటి?"

"కాపలా కుక్కని గుమ్మం దగ్గర కడతార్రా, ఊరి చివర కట్టరు."

"కాపలా కుక్క కాదది. పెళ్ళి భోజనాలకి పిలుపు. చిత్తడంతా కేకేసి పిలుస్తున్నావు."

"పిలిచి చంపుతున్నా. సంచి చూడు. చూడరా, కళ్ళు పెట్టి చూడు!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషితో ఎవడు వాదిస్తాడు? తెలెస్ఫోర్ వాదించలేదు. బండిలోంచి ఎండుగడ్డి మోపు, తడి నాచు దించి, గాలి వచ్చేవైపు కుప్ప పోసి నిప్పంటించాడు. తండ్రి చేసిన పద్ధతే. తెల్లటి పొగ నేల మీద పాకుతూ ఆవు కాళ్ళ దాకా వెళ్ళింది. కానెల్ పొద్దున్నుంచీ మొదటిసారి తోక ఆపింది.

ఓవీడ్ పరిగెత్తుకొచ్చి కుప్పను కాలితో తన్నాడు.

"పొగ పెడితే దోమలు రావురా!"

"రాకూడదనేగా బావా పెట్టింది!"

"రాకపోతే మిషను ఏం పట్టుద్ది?"

తెలెస్ఫోర్‌కు ముందు నవ్వొచ్చింది. తర్వాత బావ మొహం చూశాడు. అది వేళాకోళం కాదు. ఆ మనిషి నిజంగానే అంటున్నాడు. తెలెస్ఫోర్ వంగి నిప్పును మళ్ళీ కూడగట్టబోయాడు. అప్పుడు పడింది పానా దెబ్బ.

చెవి పైభాగం చీలి వేలాడింది. తెలెస్ఫోర్ మోకాళ్ళ మీద పడి, పడ్డవాడు పడ్డట్టే లేచి తలతో ఓవీడ్ కడుపులో కుమ్మాడు. ఇద్దరూ బురదలో దొర్లారు. ఓవీడ్ వేలు బావమరిది పళ్ళ మధ్య ఇరుక్కుంది. బావమరిది మోకాలు ఓవీడ్ మూతికి తగిలి ముందు పళ్ళు విరిగాయి. ఇన్నేళ్ళు నవ్వుతూ అనుకున్న మాటలన్నీ ఇప్పుడు పిడికిళ్ళలోంచి వచ్చాయి. ఓవీడ్ పైకెక్కి, అతని మొహాన్ని బురదలోకి నొక్కాడు. నొక్కుతూ ఉన్నాడు. బుడగలు వచ్చాయి. వదలాలని అతనికి తోచలేదు.

తుపాకీ పేలింది. ఎల్మీర్ మెట్ల మీద నిలబడి ఉంది. స్తంభాల మీది ఇల్లు కావడంతో ఆకాశం నుంచి దిగొచ్చినట్టే ఉంది.

"రెండోది గాల్లోకి కాల్చను," అంది. "లే ఓవీడ్. వాడు నా తమ్ముడు."

ఓవీడ్ లేచాడు. తెలెస్ఫోర్ బురద కక్కాడు.

"అక్కా, పొగ పెట్టమను. ఆవు పోతది. నేను చూశానక్కా, ఎద్దుని చూశా."

ఎల్మీర్ తమ్ముణ్ణి చూసింది, నిండిన సంచుల్ని చూసింది. పోయిన వేసవి వసారాలో కాఫీ ఆమెకు గుర్తుంది.

"నిజంగా దోమలు ఆగుతాయా ఓవీడ్? నా కళ్ళలోకి చూసి చెప్పు."

"ఆగుతాయి. నీ మీద ఒట్టు," అన్నాడు ఓవీడ్ నెత్తుటి నోటితో. ఆ మాటలో అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆమె మొగుణ్ణి నమ్మింది. తమ్ముడి చెవికి గుడ్డ కట్టింది. తెలెస్ఫోర్ వెళ్ళిపోలేదు, బండి మెట్టు మీద కూర్చుని బావ వైపు చూస్తూ ఉమ్మాడు.

పొద్దు వాలుతుండగా గాలి పడిపోయింది. ఆ ఊళ్ళో గాలి పడిపోవడమంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. చిత్తడి మీద గోధుమరంగు తెర ఒకటి లేచి, ఆగకుండా పెరడు వైపు వచ్చింది. మోత ముందు వచ్చింది, తర్వాత దోమలు వచ్చాయి. సంచులు చూస్తూ ఉండగానే నిండిపోయాయి. ఓవీడ్ ఒకదాన్ని మార్చేలోపు రెండోది ఉబ్బింది. చచ్చిన దోమలు ముద్దకట్టి ఫ్యాను మూతి పూడిపోయింది. ఒక ఫ్యాను కీచుమని ఆగింది, తర్వాత ఇంకోటి. కానీ గ్యాసు ఆగలేదు. బోన్లు ఆ వెచ్చటి ఊపిరిని వదులుతూనే ఉన్నాయి. పట్టే శక్తి పోయి పిలిచే గొంతు మాత్రం మిగిలింది. ఎల్మీర్ గొడ్డలి తెచ్చి ఒక్కొక్కదాన్నీ ముక్కలు చేసింది. అప్పటికే వచ్చినవాటిని గొడ్డలి ఏం చేస్తుంది?

కానెల్ పొట్ట నల్లబడింది. ముక్కు రంధ్రాలు మూసుకుపోయాయి. గాలి కోసం నోరు తెరిస్తే నోట్లోకీ వెళ్ళాయి. అది అరవలేదు, అరిచే దారి లేదు. తలను గుంజకేసి కొట్టుకుంది. కొమ్ము ఊడి నెత్తురు చిమ్మింది. తాడు తెగింది. ఓవీడ్ మెడ పట్టుకుని వేలాడాడు, అది అతన్ని ఇంటి స్తంభానికేసి కొట్టింది. పక్కటెముకలు విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. ఆవు నేరుగా ముళ్ళతీగలోకి దూకింది. ముందుకాలు తీగల మధ్య మెలిపడి పుటుక్కున విరిగింది. పడిపోయి, పడ్డచోటే తన్నుకుంది. తన్నుకున్న ప్రతిసారీ ముళ్ళు లోపలికి దిగాయి.

"కాల్చు!" అని అరిచాడు తెలెస్ఫోర్, బెల్టులోంచి కత్తి తీస్తూ. "బావా, తల్లిని కాల్చు! దూడ కదులుతోంది!"

ఓవీడ్ పాక్కుంటూ వెళ్ళి మెట్ల దగ్గరున్న తుపాకీ అందుకుని వచ్చాడు. కానెల్ కన్ను ఒకటి అతని వైపే ఉంది. దాని రెప్ప మీద కూడా దోమలే. తుఫాను తర్వాత ఎన్నిటిని కాల్చాడో, ఒక్కదాని కంట్లోకీ చూడలేదు. ఇప్పుడు చూశాడు. అవన్నీ తుఫాను చంపినవి. దీన్ని చంపింది తను. నుదుటికి ఆనించి కాల్చాడు.

తుపాకీ పొగ విడిపోకముందే తెలెస్ఫోర్ కత్తి పొట్టలో దిగింది. మోచేతుల దాకా చేతులు పెట్టి దూడను లాగాడు. ఆడదూడ. నీలంగా, ఊపిరి లేకుండా, తడిగుడ్డలా వచ్చింది. ఎల్మీర్ దాని ముక్కుకు నోరు పెట్టి పీల్చి ఊసింది, మళ్ళీ పీల్చి ఊసింది. తెలెస్ఫోర్ వెనక్కాళ్ళు పట్టి వేలాడదీసి ఒళ్ళంతా చరిచాడు. దూడ దగ్గింది. బుల్లి పొట్ట లోపలికీ బయటికీ కదిలింది.

ఆ వెచ్చటి ఊపిరి రాగానే దోమలు తల్లిని వదిలి దూడ మీదికి దిగాయి.

ఓవీడ్ తుపాకీ కింద పడేశాడు. చొక్కా చింపి తీసి దూడ మీద కప్పాడు. చాలలేదు. దాని మీదికి తనే వంగి, చేతులు రెండువైపులా ఆనించి గొడుగులా ఉండిపోయాడు. తెలెస్ఫోర్ కూడా చొక్కా తీసి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, బావ తలకు తల ఆనించాడు. రెండు వీపులూ క్షణంలో నల్లబడ్డాయి. విరిగిన ఎముకలు పొడుస్తున్నా ఓవీడ్ కదల్లేదు. విదిలిస్తే సందు ఏర్పడుతుంది, సందు ఏర్పడితే దూడ పోతుంది. కాబట్టి ఇద్దరూ అలాగే నెత్తురిస్తూ కూర్చున్నారు. ఎల్మీర్ తడి గడ్డికి అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తోంది.

"బావా," అన్నాడు తెలెస్ఫోర్ పళ్ళు బిగించి, "నీ మిషన్లన్నిటికన్నా నీ వీపే నయం. ఒక్కటీ పక్కకి పోవట్లేదు."

ఓవీడ్ నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. విరిగిన పళ్ళలోంచి ఈలలా వచ్చింది ఆ ఏడుపు. "చంపేశాన్రా," అన్నాడు. "ఒట్టేసి మరీ చంపేశా."

"చంపేశావు," అన్నాడు తెలెస్ఫోర్. ఆ మాటను మెత్తబరచలేదు. తల మాత్రం తియ్యలేదు.

పొగ అంటుకుంది. మొదట పలచగా, తర్వాత కళ్ళు మండేలా కమ్ముకుంది. మోత పలచబడింది. ఎల్మీర్ ఇంట్లోకి పరిగెత్తింది.  పెట్టె సర్దడానికే అనుకున్నాడు ఓవీడ్. ఆమె కాఫీ కెటిలు పట్టుకుని వచ్చి, ముళ్ళతీగ కింద చచ్చి పడున్న కానెల్ పక్కన కూర్చుంది. పొదుగు మీది నెత్తురు గౌను అంచుతో తుడిచింది. ఇంకా వెచ్చగానే ఉంది. చల్లబడేలోపు ఎంత వస్తే అంత, దూడకు జున్నుపాలు పిండసాగింది. కెటిల్లో ధార పడుతున్న చప్పుడు పొగలోంచి వినిపించింది.

"ఎల్మీర్," అన్నాడు ఓవీడ్, "ఉంటావా?"

ఆమె దూడ వైపు ఒకసారి చూసింది. పిండుతూనే ఉంది, ఏడుస్తూ కూడా ఉంది, తుఫాను తర్వాత మొదటిసారి.

"నోరు మూసుకుని కప్పు దాన్ని," అంది. "కాళ్ళు బయటికొచ్చాయి."