మడమ మానాక

బస్సు డ్రైవరుకు కుడి మడమ కింద నల్లమచ్చ కనబడితే, రాయి గుచ్చుకుని రక్తం గడ్డకట్టిందనుకున్నాడు. అది మెలనోమా అనీ, చర్మ క్యాన్సర్లలో మహా మొండిదనీ తెలిసేసరికి అతనికీ, వాళ్ళక్కకూ కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆపరేషన్ చేసి మచ్చను చుట్టూ ఉన్న కండతో సహా తీసేశారు. తొడ చర్మం తెచ్చి అతికించారు. గాయం మానాక మళ్ళీ బ్రేకు మీద కాలు పెట్టాడు.

పీడ విరగడైందనుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం కొన్ని నెలలకోసారి స్కాన్ తీయించుకోవలసిందేనంది. మొదట్లో బుద్ధిగానే వెళ్ళాడు. అన్నీ బాగానే ఉన్నాయనేసరికి మొండికేశాడు.

"ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది. ఇంకా దేనికక్కా? ఆ రిపోర్టు వచ్చేదాకా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవాలి."

అక్క కుట్టుమిషన్ ఆపింది. గాయం మానేదాకా కట్లు మార్చింది ఆవిడే.

"బాగా నడిచే బస్సును కూడా షెడ్డుకు తోలతావు కదరా?"

"అది బస్సక్కా."

"అవును. అది పోతే ఇంకోటిస్తారు."

గొణుక్కుంటూనే వెళ్ళాడు. ఈసారి ఊపిరితిత్తిలో మిరియపుగింజంత మచ్చ కనబడింది.

"నాకు దగ్గు కూడా లేదు కదమ్మా!" అన్నాడు.

"ఇంత చిన్నదానికి దగ్గు రాదు," అంది డాక్టరమ్మ. "ఒక్కోసారి ఏమీ కానిది కూడా స్కాన్‌లో కనబడి హడలగొడుతుంది. ముందు ముక్క తీసి చూద్దాం."

చూశారు. అదే జబ్బు.

"దగ్గొచ్చి మీరు వచ్చేసరికి ఇది ఒక్కటే ఉండేది కాదేమో. ఇప్పుడైతే తీసెయ్యగలం."

"తీసేస్తే తగ్గిపోతుందా?"

"ఆ మాట ఇవ్వలేను. స్కాన్ జబ్బును ఆపదు. మనకు కాస్త వ్యవధి ఇస్తుంది, అంతే."

ఇంటికొచ్చాక, "నువ్వు పోరబట్టి వెళ్ళానక్కా," అన్నాడు. అన్నిటికీ గుండె రాయి చేసుకున్న ఆవిడ, ఆ మాటకు గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఆవిడ భుజం మీద చెయ్యేసి నిలబడిపోయాడు.

ఆ మచ్చ తీసేశారు. జబ్బుతో పోరాడే శక్తి ఒంటికి వచ్చేందుకు సెలైన్‌లో మందు ఎక్కించారు. ఆ తర్వాతి స్కాన్‌లో కొత్తగా ఏమీ కనబడలేదు. ఇక ముందు సంగతి ఎవరూ చెప్పలేరు. స్కాన్ దగ్గరపడితే ఇప్పటికీ అతనికి అన్నం సహించదు. అయినా ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, చెప్పులేసుకుని, "అక్కా, బయల్దేరదామా?" అని తనే పిలుస్తాడు.