వెనక్కి రాని మందు

అద్దాల మేడలు తుడవడం ఆ బావా బామ్మర్దుల పని. భవనం నెత్తి మీది నుంచి ఉక్కు తాళ్ళకు ఇనుప తొట్టి వేలాడుతుంది. ఈ చివర బావ నిలబడి సబ్బునీళ్ళు పూస్తే, ఆ చివర నుంచి బామ్మర్ది రబ్బరు పట్టీతో సర్రున లాగేస్తాడు. ఇద్దరి నడుములకూ వెడల్పాటి బెల్టులు, పైనుంచి వచ్చే తాళ్ళకు వాటి కొక్కేలు.

బామ్మర్దికి చిన్నప్పటి నుంచీ షుగరు. పెద్దవాళ్ళకు వచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ అసలే తయారవని రకం. ఊహ తెలిసినప్పటి నుంచీ సూదులతోనే పెరిగాడు. ఈ మధ్యే పంపు పెట్టించుకున్నాడు. జబ్బకు అతికించిన సెన్సర్ ఒంట్లో చక్కెర ఎంతుందో చెబుతూ ఉంటే, నడుముకున్న చిన్న యంత్రం దాన్ని చూసుకుని, పొట్టలోకి పోయే సన్నని గొట్టం గుండా తనంతట తానే మందు ఇస్తూ ఉంటుంది. చక్కెర తగ్గుతోందంటే ఆపేస్తుంది. భోజనానికి మాత్రం ఇంత తినబోతున్నానని మనిషే కాస్త ముందుగా దానికి చెప్పాలి. అది వచ్చాకే డాక్టరు ఎత్తు మీద పనికి సరేనన్నాడు. అక్క మాత్రం అనలేదు. "వాడి పూచీ మీదే" అని మొగుడి మెడకు చుట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికని తొట్టి దింపడం మొదలుపెట్టారు. బామ్మర్ది నడుము దగ్గర యంత్రం కూసింది.

"మీ అక్క కూడా నన్ను ఇన్నిసార్లు పిలవదురా" అన్నాడు బావ.

"అక్కతో చెప్పనా?"

"చెప్పు. ఇవాళ్టి నుంచి నా క్యారేజీ కూడా నువ్వే తిందువుగాని."

"తినేట్టే ఉన్నాను. డోసు కొట్టేశా బావా. కిందికెళ్ళి కూర్చోగానే లాగించెయ్యడమే."

ఆ మాట పూర్తి కాకుండానే తొట్టి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. అద్దం లోపల దీపాలన్నీ ఆరిపోయాయి. వాకీటాకీలో పై నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది. "బిల్డింగు మొత్తం కరెంటు పోయిందయ్యా. జనరేటరూ మొరాయిస్తోంది. కాస్త ఓపిక పట్టండి."

ఓపికకేం, బోలెడుంది. బావ బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. కింద రోడ్డు మీద బస్సులు సబ్బుబిళ్ళల్లా కదులుతున్నాయి. చాలాసేపు గడిచింది. యంత్రం మళ్ళీ కూసింది. ఈసారి ఆగకుండా.

"ఏమంటుందిరా?"

బామ్మర్ది నవ్వలేదు. "పడిపోతోంది బావా. మందివ్వడం ఆపేసింది."

"ఆపేసిందిగా, ఇంకేం మరి?"

"ఇకముందు ఇవ్వాల్సింది ఆపింది. ఇందాక భోజనానికని ఇచ్చింది ఒంట్లోనే ఉంది కదా. అది వెనక్కి ఎలా లాక్కుంటుంది?"

బావకు అప్పుడు అర్థమైంది. తిండి కింద ఉంది, తిండికని వేసుకున్న మందు ఇక్కడ ఒంట్లో ఉంది. మధ్యలో ఇన్ని అంతస్తుల గాలి.

"గ్లూకోజ్ బిళ్ళలున్నాయిలే, కంగారు పడకు" అంటూ బామ్మర్ది చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు. వేళ్ళు వణుకుతున్నాయి, చేతి తొడుగు సబ్బుతో జారుతోంది. పళ్ళతో చింపబోయాడు. పొట్లం జారి, తొట్టి అంచుకు తగిలి, బయటికి పోయింది. బావ చెయ్యి చాచేలోపు అది చుక్కంత అయింది. కింద పడిన చప్పుడు కూడా వినపడలేదు.

బావ వాకీటాకీలో అరిచాడు. "మేస్త్రీ! తీపి ఏదైనా పంపించు. వాడికి షుగరు పడిపోతోంది!"

"ఇక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవయ్యా. కిందికి ఫోన్ చేస్తా. లిఫ్టులు లేవు, మెట్లెక్కి రావాలి..."

వచ్చేదాకా ఆగే పరిస్థితి కాదు. కరెంటు లేకపోయినా తొట్టిని దింపడానికి ఒక్కో చివర ఒక్కో చేతి మీట ఉంటుంది. రెండూ ఒకేసారి నొక్కాలి, ఒకేసారి వదలాలి. "నేను అనగానే నొక్కు, అనగానే వదులు" అన్నాడు బావ. మొదటిసారి జానెడు దిగారు. రెండోసారి బావ వదిలాడు, బామ్మర్ది వదల్లేదు. చక్కెర తగ్గి మతి మందగించినట్టు, మీట పట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోయాడు. ఆ చివర కిందికి కుంగింది. బకెట్లు దొర్లుకుంటూ పోయి వాడి కాళ్ళకు కొట్టుకున్నాయి. "వదలరా!" అని బావ పెట్టిన కేకకు వదిలాడు గానీ, తొట్టి వాలిపోయే నిలిచింది. బావ మళ్ళీ మీట ముట్టే ధైర్యం చెయ్యలేదు.

ఎదురుగా అద్దం వెనక ఒకావిడ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ముందు పళ్ళరసం సీసా. మూరెడు దూరం. ఆ అద్దం తెరుచుకునేది కాదు, పగిలేదీ కాదు. బావ పిడికిలితో బాదాడు. ఆమె పలకరిస్తున్నాడనుకుని చెయ్యి ఊపింది. సీసా చూపించాడు, బామ్మర్దిని చూపించాడు, పైకి చూపించాడు, చేతులు జోడించాడు. చెమటతో తడిసి ముద్దయిన ఆ కుర్రాడి ముఖం చూడగానే ఆమె ముఖం మారింది. సీసా అందుకుని తలుపు వైపు పరుగెత్తింది. ఆమెకు ఏం అర్థమైందో, పైకే వెళ్ళిందో భయపడి పారిపోయిందో బావకు తెలియలేదు.

ఇటు తిరిగేసరికి బామ్మర్ది తాడు నుంచి కొక్కెం విప్పేసుకున్నాడు.

"ఆకలేస్తోంది. దిగిపోతా" అన్నాడు, గడప దాటి వెళ్ళేవాడిలా. ఒక కాలు కడ్డీ మీద పెట్టాడు.

బావ వాలిన తొట్టిలో జారుతూ వెళ్ళి వాడి బెల్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ కుప్పగా పడ్డారు. "ఎవడ్రా నువ్వు? వదులు!" అని వాడు తన్నాడు, గిచ్చాడు, మణికట్టు కొరికేశాడు. ఆ కళ్ళల్లో బావ అనేవాడు లేడు. వాడి తాడు గాలికి అందనంత దూరంగా ఊగుతోంది. వేరే దారి లేక బావ తన బెల్టుకున్న రెండో కొక్కేన్ని వాడి బెల్టుకు తగిలించాడు. తగిలించాక గాని తట్టలేదు, వాడు దూకితే ఆ బరువు కూడా తన తాడు మీదే అని. ఆ తాడు ఇద్దరిని మోస్తుందని ఎవరూ చెప్పలేదు. కడ్డీ చుట్టూ కాలు మెలేసి, వాడిని ఒళ్ళోకి అదుముకుని కళ్ళు మూసుకున్నాడు.

"వస్తోంది, పట్టుకో!" మేస్త్రీ కేక.

పైనుంచి తాడు చివర సీసా దిగుతోంది. ఆవిడ మెట్లెక్కి పైకే వెళ్ళింది! గాలికి సీసా గోడకు తగిలి, దూరంగా పోయి, మళ్ళీ వచ్చింది. ఒకసారి వేళ్ళకు రాసుకుని పోయింది. రెండోసారి దొరికింది. మూత పళ్ళతో తిప్పి వాడి పెదాలకు ఆనించాడు. వాడు ఉమ్మేశాడు.

"తాగరా నాయనా. మీ అక్కకి నా ముఖం ఎలా చూపించనురా, ఒక్క గుక్క."

అక్క అన్న మాటకో ఏమో, నోరు తెరిచాడు. గుటక పడింది. గొంతుకు అడ్డం పడకుండా కొంచెం కొంచెంగా పోశాడు. తాగినా వెంటనే ఏమీ కాలేదు. ఆ ఎదురుచూపే అన్నిటికన్నా ఘోరం. ఒళ్ళో బరువుగా ఉన్న తల కదులుతుందా లేదా అని చూస్తూ ఉండిపోయాడు. యంత్రం కూస్తూనే ఉంది.

చివరికి వాడు గొణిగాడు. "బావా... ఎందుకలా పట్టుకున్నావు? ఊపిరాడట్లేదు."

బావ పట్టు వదల్లేదు. కరెంటు వచ్చి, తొట్టి సరిగ్గా నిలబడి, నేల మీదికి దిగాక కూడా వదల్లేదు. మేస్త్రీ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. బామ్మర్ది క్యారేజీ తెరిచి ఆవురావురుమని తిన్నాడు. వాడికి ఏదీ గుర్తు లేదు. బావ ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాడు.

ఇంట్లో భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె అతని మణికట్టు మీది పంటిగాట్లకు మందు రాస్తూ ఉండిపోయింది. "ఇక మీదట కంచం ముందుంటేనే డోసు. తొట్టి నాకొద్దక్కా, పైన తాళ్ళ దగ్గర ఉంటా" అన్నాడు తమ్ముడు తలొంచుకుని. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

బావ మళ్ళీ తొట్టి ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కాక కూడా, పక్కన కొత్త మనిషి పని చేసుకుంటుంటే, సబ్బు పూయడం ఆపి మాటిమాటికీ వాడి కొక్కెం వైపు చూసేవాడు.

"ఏంటన్నా?" అని వాడు అడిగేవాడు.

"ఏం లేదు. గట్టిగా ఉందా?"

"ఉందన్నా."

"ఇంకోసారి చూసుకో" అనేవాడు బావ.