కాళ్లు పడని ఫొటోలు

ముప్పయ్యొక్కేళ్లు పాస్‌పోర్టు ఫొటోలు తీసిన మనిషికి పక్షి ఎదురైతే ఏం చేస్తాడు? దానికీ పాస్‌పోర్టు ఫొటోయే తీస్తాడు. స్టూడియో మాస్టారు చేసింది సరిగ్గా అదే. కాకపోతే ఆ సంగతి ఆయనకు నాలుగేళ్ల దాకా తెలియలేదు.

స్టూడియో మూసేశాక ఆయనా, ఆయన భార్యా సముద్రం ఒడ్డున రెండు గదుల ఇల్లు చూసుకుని చేరారు. వెనక వరండాలో కూర్చుంటే ఎదురుగా ఇసుక తిన్నె. నీరు వెనక్కి తగ్గగానే ఆ తడి ఇసుకలోకి పిట్టలు దిగుతాయి. మాస్టారు పెద్ద లెన్సు ఒకటి కొన్నారు, ఊళ్లో పక్షుల సంఘంలో చేరారు. ఆ సంఘానికి లావుపాటి రికార్డు పుస్తకం ఉంది. ఎవరైనా కొత్త విషయం కనిపెడితే వాళ్ల పేరుతో సహా అందులోకి ఎక్కుతుంది. మాస్టారి పేరు ఇంతవరకు ఎక్కలేదు. పైకి అనరు గానీ, ఆ పుస్తకం కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది.

ఆవిడ సంగతి వేరు. ఇరవై ఏళ్లు చెప్పుల దుకాణంలో చిన్న పీట మీద కూర్చుని జనానికి చెప్పులు తొడిగిన మనిషి. ఎవరు ఎదురైనా ముందు కాళ్లు చూస్తుంది, తీరిక ఉంటే ముఖం చూస్తుంది. పిట్టల పేర్లు ఆవిడకు పట్టవు. ఎర్రకాళ్లది, పచ్చకాళ్లది, మునివేళ్ల మీద నడిచేది అని తనకు తోచినట్టు పిలుచుకుంటూ, బట్టలు ఆరేసే మధ్య మధ్యలో బైనాక్యులర్స్ ఎత్తి చూస్తుంది.

ఒక ఉదయం టీ గ్లాసు అందిస్తూ మామూలుగా చెప్పింది, గోధుమరంగు పిట్టల గుంపులో ఒకదాని కాలికి ఆకుపచ్చ పట్టీ ఉందని. మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టేశారు. దూరదేశాల్లో శాస్త్రవేత్తలు పిట్టల్ని పట్టుకుని, నంబరున్న పట్టీ కాలికి తొడిగి వదిలేస్తారు. ఆ నంబరు చదివి చెబితే అది ఎక్కడి నుంచి వచ్చిందో బయటపడుతుంది. అలాంటి పిట్ట ఈ ఊళ్లో ఇంతవరకు ఎవరి కంటా పడలేదు.

"నాచు చుట్టుకుని ఉంటుందిలే" అన్నారాయన, ఆశ పెట్టుకోవడానికి భయపడి.

"ఇరవై ఏళ్లు కాళ్లే చూశానండీ. నాచుకీ పట్టీకీ తేడా తెలీదా నాకు?"

సంఘం కార్యదర్శికి ఫోన్ చేశారు. ఆ కార్యదర్శి కాలేజీలో లెక్కలు చెబుతుంది, మాటలూ అలాగే ఉంటాయి. ఫొటోలో నంబరు కనబడితేనే రాస్తానంది. పైగా చలికాలం వెళ్లిపోతోంది, ఆ గుంపు రేపో ఎల్లుండో ఎగిరిపోతుందని కూడా చెప్పింది.

పాత ఫొటోల్లో ఎక్కడో పడే ఉంటుందని మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ గుంపువే నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. మొదటిది తెరిచారు. ముక్కు, కళ్లు, రొమ్ము దాకా ఒళ్లు, తల మీద కాస్త ఖాళీ. రెండోదీ అంతే. పదోదీ, యాభయ్యోదీ అంతే. కాళ్లన్నవి ఒక్కదానికీ లేవు. మాస్టారు మౌస్ వదిలేసి తల పట్టుకున్నారు. ఆవిడ వెనక నుంచి వంగి చూసి, వీటన్నిటికీ వీసా వచ్చేస్తుందిలెండి అంది. ఆయనకు ముందు ఉక్రోషం వచ్చింది, ఆ తర్వాత నవ్వు ఆగలేదు.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ పాత దుప్పటి పరుచుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ ఇసుకలో బోర్లా పడుకున్నారు. గుంపు దిగింది. ఈ చివర నుంచి నాలుగోది, ఎడమ కాలు చూడమంది ఆవిడ. మాస్టారు గురిపెట్టారు. పట్టీ కనబడింది. కనబడిందో లేదో, లెన్సు తనంతట తానే మెల్లగా పైకి పాకి ముఖం దగ్గర ఆగింది. నొక్కారు. తల. మళ్లీ నొక్కారు. మళ్లీ తలే. చెయ్యి చెప్పిన మాట వినడం లేదు. అవతల నీరు ముందుకు వస్తోంది, పిట్టలు రెక్కలు విదుల్చుకుంటున్నాయి. ఇక అయిపోయిందనుకుని ఆయన బెంబేలెత్తిపోయారు.

ఆవిడ బైనాక్యులర్స్ పక్కన పెట్టింది. లెన్సు మీద చెయ్యి వేసి కిందికి వంచి, అలాగే పట్టుకుంది.

"ముఖం చూడకండి. ఇప్పుడు నొక్కండి."

నొక్కారు. ఆ చప్పుడుకో, నీటికో, గుంపంతా లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కెమెరా తెర మీద తడి ఇసుక, రెండు సన్నటి కాళ్లు, ఎడమ కాలికి ఆకుపచ్చ పట్టీ. దాని మీద రెండు అక్షరాలు, రెండు అంకెలు, చదువుకునేంత స్పష్టంగా.

"తల పడలేదే" అన్నారు మాస్టారు దిగులుగా.

"తలలు మీ దగ్గర నాలుగు వందలున్నాయి కదా."

నంబరు పంపాక నెల తిరిగేసరికి శాస్త్రవేత్తల నుంచి జవాబు వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట, ఎక్కడో ఉత్తరాన ఒక మంచు సరస్సు ఒడ్డున, పిల్లగా ఉన్నప్పుడు దానికి పట్టీ తొడిగారట. ఆ తర్వాత అది కనబడిందని చెప్పినవాళ్లే లేరట. కార్యదర్శి ఒక ఫారం పంపింది. అందులో 'చూసినవారి పేరు' అని ఉంది, ఎదురుగా ఒక్కటే గీత. నాలుగేళ్లుగా కోరుకున్న గీత. మాస్టారు పెన్ను పట్టుకుని కాసేపు దాని వంకే చూసి, భార్య పేరు రాశారు. మనసు తేలికపడింది. కాస్త కుళ్లుగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

ఫారానికి ఫొటో జత చెయ్యాలి. ఆవిణ్ణి తిన్నె మీద నిలబెట్టి ఆయన కెమెరా ఎత్తారు. చెయ్యి అలవాటుగా ముఖం దగ్గరికి పోయింది. ఆపారు. నాలుగడుగులు వెనక్కి వేశారు, ఇంకో రెండు వేశారు. గాలికి రేగిన జుట్టు నుంచి ఇసుకలో దిగబడిన పాదాల దాకా ఆవిడ మొత్తంగా ఫొటోలో పడింది. పెళ్లయిన ముప్పయ్యారేళ్లలో ఆయన తీసిన ఫొటోలో ఆవిడకు కాళ్లు ఉండటం అదే మొదటిసారి. కుడి బొటనవేలు కొంచెం పక్కకు తిరిగి ఉంటుందని కూడా ఆయనకు అప్పుడే తెలిసింది.

వారానికి ఫొటో తిరిగొచ్చింది. పుస్తకంలో అతికించడానికి ముఖం వరకే కావాలి, పాస్‌పోర్టు సైజు, మీకు వేరే చెప్పాలా అని కార్యదర్శి రాసింది.

మాస్టారు అదే ఫొటోను మళ్లీ కవరులో పెట్టి, వెనక రెండు ముక్కలు రాశారు.

"దీన్ని కత్తిరించడం నా వల్ల కాదు. కావాలంటే పేజీ పెద్దది చూసుకోండి."