దున్నపోతుని స్టాండెక్కించడం

మూడొందల కిలోల బండిని ఒంటికాలితో, అదీ ఆవులిస్తూ, సెంటర్ స్టాండ్ ఎక్కించగల మనిషి ఈ వీధిలో నేనొక్కదాన్నే. ఆవులింత సగంలో ఉండగానే పనైపోతుంది. నోరు మూసేసరికి బండి స్టాండ్ మీద ఉంటుంది.

అంటే, ఉండాలి. మొన్న ఎండాకాలంలో అత్త స్నానానికి వెళ్లినప్పుడు షెడ్డులోకి దూరి, స్టాండ్ మీద కాలేసి ఒక్క తొక్కు తొక్కాను. బండి పైకి లేవలేదు. పక్కకి ఒరిగింది. ఒరిగి, నన్ను గోడకి ఆనించి, తీరిగ్గా నా మీద పడుకుంది. పుస్తకంలో దాచిన ఆకులా అలా ఎంతసేపున్నానో తెలీదు గానీ, గోడ మీద నా నడుము అచ్చు ఇప్పటికీ ఉంది. రంగులేసినా పోలేదు.

అత్త తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి చూసింది.

"ఏం చేస్తున్నావే?"

"గోడ పడిపోకుండా పట్టుకున్నానత్తా."

"మంచిపని. పట్టుకో. కాఫీ తాగొస్తా."

నిజంగానే తాగొచ్చింది. కప్పు కడిగి మరీ వచ్చింది.

ఈ అత్త మా నాన్న చెల్లెలు. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని. నా భుజం దాకా ఉంటుంది. ఎంత తేలికంటే, ఆవిడ బరువు చూసుకునే మిషనెక్కితే అది ఎవరో ఎక్కబోతున్నారనుకుని ఎదురుచూస్తుంది. అలాంటి మనిషికి ఆ బండి. రెండు పక్కలా రెండు పెట్టెలు, ముందు నిలువెత్తు గాలి అద్దం, మా ఇంట్లో సోఫా కంటే మెత్తటి సీటు. నానమ్మ దాన్ని దున్నపోతంటుంది. అత్త కూడా అదే పేరు పెట్టి పిలుస్తుంది, కాకపోతే ముద్దుగా. సెలవు దొరికితే చాలు, పెట్టెల్లో బట్టలు కుక్కుకుని ఒక్కత్తే ఎక్కడికో పోతుంది. కొండలు, అడవులు, మనిషి కనపడని రోడ్లు. వచ్చాక రెండ్రోజులు ఎవరేమన్నా నవ్వుతూ ఉంటుంది. ఆ రెండ్రోజుల్లోనే నేను నా తప్పులన్నీ ఒప్పుకుంటాను.

బండి కొన్నరోజే అత్త ఒక మాట అనుకుందట. దారిలో టైరు పంక్చరైతే బండిని సెంటర్ స్టాండ్ ఎక్కించాలి. పక్కన ఎవరూ ఉండరు. కాబట్టి ఒక్కత్తే స్టాండెక్కించలేని రోజున బండి అమ్మేయాలి. ఇది ఆవిడకి ఆవిడే పెట్టుకున్న షరతు. ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇంకొకళ్లు పెట్టిందైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తనకి తను పెట్టుకుందాన్ని ఎలా తప్పిస్తాం.

ఇన్నేళ్లు కొండల మీద చిన్న గీత కూడా పడని మనిషి, ఈ ఏడు బాత్రూంలో సబ్బు మీద కాలేసి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చెయ్యి ఇంకా సన్నబడింది. పప్పు డబ్బా మూత తీయడానికి కూడా నన్ను పిలిచేది. బండి పక్క స్టాండ్ మీద ఒరిగి, దుమ్ము పట్టి, అలాగే ఉంది. చివరికి ఒకరోజు అన్నం తింటూ, ఉప్పందించమన్నంత మామూలుగా అంది.

"ఆదివారం ఎక్కించి చూస్తా. ఎక్కితే వచ్చే నెల ప్రయాణం. ఎక్కకపోతే మందుల షాపాయన్ని రమ్మన్నా, తీసుకెళ్లిపోతాడు."

మందుల షాపాయనది వీధి చివర షాపు. ఆరడుగుల మనిషి, పెద్ద మీసం. ఆ బండి మీద ఆయనకి ఎంత ప్రేమంటే, మేం దగ్గు మందుకి వెళ్లినా ముందు "బండెలా ఉంది?" అంటాడు. దగ్గెవరికో తర్వాత అడుగుతాడు.

"అమ్మేస్తే నాకు పీడా పోతుంది," అంది నానమ్మ. ఈ మాట నానమ్మ ఎన్నేళ్లుగా అంటోందంటే, బండి పుట్టకముందు నుంచీ అంటోంది.

నేను మాత్రం ఆ రాత్రంతా ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకాయన చెప్పాడు, వెనక చక్రం కింద చిన్న చెక్కముక్క ఉంటే చాలని. బండి ముందే కాస్త ఎత్తు మీదుంటుంది కాబట్టి స్టాండ్ ఎక్కించడం చిన్నపిల్లాడి పనట. నాకు ఒళ్లు పులకరించింది. ఇది మోసం కాదు, కనపడకుండా చేసే సాయం అని నాకు నేనే చెప్పుకున్నాను. నేను చెబితే నేను తొందరగా నమ్ముతాను.

ఆదివారం పొద్దున అత్త బండిని వాకిట్లోకి తోసుకెళ్లి కడుగుతోంది. నేను షెడ్డులోకి దూరాను. నూనె చుక్కలు నేల మీద పడకుండా అక్కడ ఒక పాత రబ్బరు మ్యాటు పరిచి ఉంటుంది. బండెప్పుడూ ముక్కు గోడకి పెట్టి ఒకేచోట నిలబడుతుంది కాబట్టి వెనక చక్రం ఉండే చోట నల్లగా మచ్చ పడింది. సరిగ్గా ఆ మచ్చ కింద, మ్యాటు ఎత్తి, చెక్క పెట్టాను. మ్యాటు కప్పేసి, పైన నాలుగడుగులు నడిచి చూశాను. ఏమీ తెలియట్లేదు. ఇంత తెలివి ఒక్క మనిషికి ఉండటం మంచిది కాదేమో అని కాస్త భయం కూడా వేసింది.

అప్పుడే నానమ్మ పిలిచింది.

"కుర్చీ తెచ్చి ఆ గోడ దగ్గర వెయ్యవే. నేనూ చూస్తా."

తెచ్చి వేశాను. గోడకి ఆనించి, పడకుండా, కింద అట్టముక్క కూడా పెట్టాను. నేను పెద్దవాళ్ల మాట జవదాటను.

మందుల షాపాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, బండిని చూడనట్టు చూస్తున్నాడు. అత్త బండిని లోపలికి తోసుకొచ్చింది. ముందు చక్రం చెక్క మీదుగా ఎక్కి దిగింది. నా గుండె కూడా.

"ఈ మ్యాటు ముడతలు పడిపోయింది," అంది అత్త.

"పాతదైపోయిందత్తా," అన్నాను.

"అమ్మా, కాళ్లు తియ్యి. చక్రం వస్తుంది."

"తియ్యను. కుర్చీలో కూర్చున్నాక మళ్లీ లేవడం నా వల్ల కాదు. నువ్వే అక్కడ ఆపుకో," అంది నానమ్మ.

అత్త మూరెడు వెనకే ఆపేసింది. నేను నానమ్మ కుర్చీ పక్కన, లోకంలో ఏమీ తెలియని పిల్లలా నిలబడి ఉన్నాను. అక్కణ్ణుంచి అత్త కనపడుతోంది గానీ, వెనక చక్రం ఎక్కడ ఆగిందో గాలి అద్దం చాటున కనపడలేదు.

అత్త ఎడంచెయ్యి హ్యాండిల్ మీద, కుడిచెయ్యి సీటు కింద కడ్డీ మీద వేసింది. కాలితో స్టాండ్ కిందకి దించి, దాని రెండు కాళ్లూ నేలకి తగిలాయో లేదో బండిని అటూ ఇటూ ఊపి చూసుకుంది. ఊపిరి తీసుకుని ఒంటి బరువంతా కాలి మీద వేసింది. దున్నపోతు కొంచెం లేచింది. ఇంకొంచెం లేచింది. అక్కడ ఆగి, దబ్బున వెనక్కి కూర్చుంది.

"పట్టనా అండీ?" అన్నాడు మందుల షాపాయన.

"పట్టొద్దు."

మళ్లీ తొక్కింది. మళ్లీ అంతే. మూడోసారి మొహం ఎర్రబడింది, గడ్డం వణికింది. బండి ఒప్పుకోలేదు. అత్త కాలు తీసి, పక్క స్టాండ్ వేసి, కుడి మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఇంకోసారి చూడవే," అంది నానమ్మ. "ఎవరం చూడంలే. నేను కళ్లు మూసుకుంటా." నిజంగానే మూసుకుంది.

"చాల్లేమ్మా. చూశాగా."

జేబులోంచి తాళం తీసి మందుల షాపాయన చేతిలో పెట్టింది. ఆయన తీసుకున్నాడు గానీ, ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మనిషి మొహం కాదది. "జాగ్రత్తగా చూసుకుంటానండీ," అన్నాడు, బండితో కాదు, నేలతో. "చలికాలం పొద్దున్నే స్టార్టవదు. కాస్త ఓపిక పట్టాలి," అంది అత్త. నానమ్మ ఇంకా కళ్లు తెరవలేదు.

చెక్క సంగతి అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు.

మందుల షాపాయన బండిని వెనక్కి లాగాడు. కొంచెం వచ్చి ఆగిపోయింది. గట్టిగా లాగాడు. ముందు చక్రం కింద మ్యాటు గుట్టలా లేచింది, దాని కిందనుంచి నా చెక్క మొహం బయటపెట్టింది.

"ఇదేంటండీ? ఏదో పలక."

అత్త వంగి తీసింది. షాపులో అద్దం చూసినట్టు వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది, తిప్పింది, వేలితో తడిమింది. చెక్క మీద రెండు గుంటలున్నాయి. కొత్తవి, పక్కపక్కన, ఒకే ఎడంలో.

"ఇవి స్టాండ్ కాళ్లు దిగిన గుర్తులు," అంది నెమ్మదిగా. "చక్రం కింద నేల, స్టాండ్ కింద ఇది. అంటే ఇందాక నేను ఎత్తాల్సిన దానికంటే ఇంకో అంగుళం పైకి ఎత్తుతున్నా."

అప్పుడు అన్నీ కలిపి చూసుకున్నాను. మూరెడు వెనక ఆగిన బండి. కుర్చీ. గోడకి ఆనించి వేసిన కుర్చీ. అట్టముక్క.

నానమ్మ కళ్లు తెరిచింది. "అది నా బీరువాలో అర చెక్క. పొద్దున్నుంచీ దుప్పట్లన్నీ కింద పడున్నాయి. ఎలకలనుకున్నా."

"తాళం ఒక్క నిమిషం ఇస్తారా?" అంది అత్త.

మందుల షాపాయన ఎంత తొందరగా ఇచ్చాడంటే, అది ఇంకా ఆయన చేతిలో వేడెక్కి కూడా ఉండదు.

అత్త మ్యాటు లాగి అవతల పారేసింది. బండిని ఉత్త నేల మీద నిలబెట్టింది. స్టాండ్ దించింది, ఊపి చూసింది. ఈసారి చేత్తో లాగలేదు. చెయ్యి అక్కడ ఊరికే ఉందంతే. మెట్టెక్కే మనిషిలా స్టాండ్ మీదకి ఎక్కి నిలబడింది. దున్నపోతు ఒక్క మూలుగు మూలిగి, వెనక్కి జరిగి, స్టాండెక్కి కూర్చుంది. వెనక చక్రం గాల్లో ఉంది. అత్త దాన్ని వేలితో తోస్తే గిర్రున తిరిగింది. అందరం అది ఆగేదాకా చూశాం.

"సరేలెండి," అన్నాడు మందుల షాపాయన మీసం తుడుచుకుంటూ. "షాపు తెరవాలి." వీధిలోకి వెళ్లేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

అత్త చెక్కని చంకలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏమే కోడలా."

"ఎలకలై ఉంటాయత్తా. ఈమధ్య బాగా బలిసాయి."

"బీరువా అర ఊడబెరికి, షెడ్డుకి మోసుకొచ్చి, మ్యాటు కింద పెట్టి, మళ్లీ కప్పాయా?"

"గుంపుగా వచ్చుంటాయి."

అత్త నవ్వలేదు. అత్త నవ్వకపోతే నాకు అబద్ధాలు రావు. అదొక జబ్బు.

"నేనే పెట్టాను," అన్నాను. "వెనక చక్రం కిందకి అనుకునే పెట్టాను. నీకు తేలికవుతుందని. నానమ్మ కుర్చీ వేశాక బండి వెనక ఆగుతుందని తట్టలేదు."

"అది అర్థమైంది. నేనడిగేది అది కాదు. తాళం ఇచ్చేస్తుంటే నోరెందుకు విప్పలేదు? గోడని పట్టుకున్నప్పుడు కూడా వాగావు కదే."

నానమ్మ కూడా కుర్చీలోంచి మెడ తిప్పి చూస్తోంది. తప్పించుకోవడానికి ఏ సందూ లేదు. వెతికాను.

"చెక్క పెట్టి తేలిక చేసినా కూడా నువ్వు ఎత్తలేకపోయావనుకున్నానత్తా," అన్నాను. "ఇంక నీ పని అయిపోయిందనుకున్నా. చెబితే, సాయం ఉన్నా చేతకాలేదని నీకు తెలిసిపోతుంది కదా. అది నీకు తెలియకూడదని ఊరుకున్నా. నీ చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది, నువ్వు తాళం తీసే లోపలే పోయింది. అదీ నేను చేసింది."