నోరులేని హెచ్చరిక

“ఈ గాలి వాలకము నాకు నచ్చలేదు. నా బిడ్డ మీద ఏమి వచ్చి పడనున్నదో తల్లీ!” అని అప్పలనరసమ్మ యింకను చినుకైనను రాలకమునుపే పైకి పలికెను.

అది కార్తికమాసపు టపరాహ్ణము. అంజనశైలములవలె నొండొంటిపై బేర్చబడిన మేఘములు తూర్పుదిక్కు నాక్రమింప సూర్యుడు చిరరోగి ముఖమువలె వివర్ణుడై యెక్కడనో యొదిగియుండ కాకులు కూతలు మాని నేలబారున నెగురుచుండ సాలూరు పట్టణమందలి యిండ్ల రేకులు మాత్రము తమలో దాము కీడు చెప్పుకొనుచున్నట్లు కటకటలాడుచుండెను.

పాలు పొంగకమునుపే పొయ్యి యార్పెడు స్వభావము గల యా యిల్లాలి భయమునకు నేడు హేతువు లేకపోలేదు. ఆమె యేకైకపుత్రిక పుణ్యవతి జన్మాంధ. స్వప్రయత్నమున విద్య గడించి దూరమున నున్న సముద్రతీరపట్టణమున బ్యాంకులో గుమాస్తాయై దీపస్తంభము వీథిలో నొక గది యద్దెకు గొని యొంటరిగా నుండెను. తెరమీది యక్షరములను గడగడ చదివి వినిపించు ఫోనే యామెకు దారిచూపు తోడు. ఆ కంఠమును మొదటిసారి విన్ననాడు నోరులేనిచోటినుండి మాట వచ్చుట దయ్యముపని గాక మఱేమని యప్పలనరసమ్మ హడలిపోయి ఉప్పును మిరపకాయలును దిగదుడిచి పొయ్యిలో వైచెను. “ఓసి పిచ్చి అమ్మా! అది నా కన్ను. దానిని వెళ్లగొట్టినచో నన్ను రెండవమాఱు గ్రుడ్డిదానిని జేసినదాన వగుదువు” అని కూతురు పడిపడి నవ్వినది. తల్లి మాత్రము నవ్వలేదు.

తుపాను సాయంకాలమునకే తీరము దాకుననియు ఏ వీథివారు ఏ యాశ్రయమునకు బోవలెనో ఆ తీరపట్టణ కార్యాలయమువారి వెబ్‌సైటున జూచుకొనవలెననియు రేడియో చాటిన కొలదిసేపటికే పుణ్యవతి ఫోను చేసెను.

“అమ్మా! ఆ వెబ్‌సైటు తెఱచితిని. హెచ్చరికనంతయు నొక బొమ్మగా జేసి యతికించినారు. నా ఫోను ‘పటము, పటము’ అనుటయే గాని బొమ్మలోని మాట యొక్కటియు జదువలేకున్నది. ఇంటివారు పెండ్లికి బోయిరి. ప్రక్కవారు పిలిచినను పలుకరు. సముద్రము మ్రోత యే వైపుననో తెలియుచున్నది గాని నేను పోవలసినది యే వైపునకో...”

మాట తెగెను. మరల మరల నొక్కినను ఫోను మూగవోయెను.

అప్పలనరసమ్మ చేతిలోనిది మీటల ఫోను. అందు వెబ్‌సైటు తెఱచుట యెట్లు? బస్సులో చిల్లర యడుగుటకును నోరు రాని యామె రేడియో చెప్పగా బొగ్గుతో గోడమీద గీసికొనిన కార్యాలయపు నంబరును నొక్కెను.

“దీపస్తంభము వీథియా? కొండమీది బాలికల పాఠశాలకు బోవలెను. పడమటి సందు పట్టి మెట్లెక్కిన చాలును. అంతయు రంగురంగుల పటముగా వేసియున్నాము గదమ్మా! కన్నులున్నవా రెవరైనను గుర్తింపగలరు” అని యొక యుద్యోగి యలసిన గొంతుతో ననెను.

ఆమె ప్రాణము లేచి వచ్చెను. మఱుక్షణమే చప్పున జాఱెను. ఈ నాలుగు మాటలు తన చెవిలో నున్న నేమి? బిడ్డ చెవికి జేరు త్రోవ యేది?

“కన్నులున్నవారి కేమి నాయనా! నా బిడ్డకు లేవు. మీ పటమునకు నోరు లేదు. నా ఫోను నా బిడ్డకు దగులుట లేదు.”

“పటము పైనుండి వచ్చినది తల్లీ. మార్చుటకు నే నెవడను?”

“మార్పవలదు బాబూ! ఇప్పుడు నా చెవిలో జెప్పితివే ఆ మాటలనే పటము క్రింద నక్షరములుగా వ్రాయుము. అక్షరములైన నా బిడ్డ ఫోను చదివిపెట్టును. నీ కాళ్లు పట్టుకొందును. నీకును తల్లి యుండును గదా!”

అవతల నెవరో కేకలు వేయుచుండిరి. ఆ యుద్యోగి వారికి బదులు పలుకుచు ఫోను పెట్టివేసెను.

పిమ్మట వాన విరుచుకొనిపడెను. ఆ తల్లి దేవుని పటము ముందు గూర్చుండి దీపమైన వెలిగింపక కూతురి నంబరు నొక్కుచు నాపుచు నొక్కుచు నుండెను. కూలిన గోడయు తేలుచున్న చేతికఱ్ఱయు నీటిలోనికి మెట్లని తలచి దిగుచున్న పాదములును ఆమె మనసున బొడగట్టుచుండెను. తప్పిపోయిన దని యెవరో చెప్పుదు రనియు దానికేమి బదులు పలుకవలెననియు గూడ నామె యప్పుడే యూహించుకొనుచుండెను.

ఎట్టకేలకు నావలి ఫోను మ్రోగినది. ఎవరో యెత్తిరి. కాని మాట లేదు. హోరుమను గాలి తప్ప మఱేమియు లేదు.

“పుణ్యా! పుణ్యమ్మా!”

ఆమె ఫోనును చెవికి గట్టిగా నదుముకొనెను. ఆ గాలిలోనుండి హెచ్చుతగ్గులు లేని యా దయ్యపుగొంతు మెల్లగా వినవచ్చెను. “దీపస్తంభము వీథివారు కొండమీది బాలికల పాఠశాలకు బోవలెను. పడమటి సందు పట్టి మెట్లెక్కవలెను.”

అప్పలనరసమ్మ చేతులు వానంతట నవియే జోడింపబడెను.

“అమ్మా! వింటివా?” అని యంతట నొక రొప్పుచున్న కంఠము పలికెను. “చదువురాని యిద్దఱు ముసలమ్మలు త్రోవలో దగిలిరి. వారికి వినిపించుచు వచ్చితిని. ముగ్గురమును బడి యరుగెక్కితిమి. నే నింటికి వచ్చినపుడు దీనికి మరల దిష్టి తీయుము. ఈ మాఱు దాని మంచికే.”