పెద్ద పన్నా బొమ్మ

నా మొగుడికి తెలుగు పోయింది. చెబితే నవ్వుతారు గానీ ఇది నిజం. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితో పాటు తెలుగు పోయింది, హిందీ పోయింది. మిగిలింది అరబ్బీ ఒక్కటే. మస్కట్ సినిమా టాకీసులో మిషన్ నడిపిన ఇరవై ఏళ్ళ భాష అది. మెదడుకు దెబ్బ తగిలితే ఏ భాష ఉంటుందో ఏది పోతుందో చెప్పలేమన్నాడు డాక్టరు. ఉండేదేదో నాదే ఉండరాదా అని నాకు మండిపోయింది.

ఆ ఇరవై ఏళ్ళూ నేను ఈ భివండీలో, నిజాంపురాలోని ఒంటి గది ఖోలీలో, మరమగ్గాలకు నూలు కండెలు చుట్టి బిడ్డను పెంచాను. ఆయన ఫోన్ చేస్తే మొదటి మాట "ఏమే". ఐలవ్వా అని నా పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, మాలో పిలవరు. ఆ "ఏమే" ఒక్కసారి మళ్ళీ ఆయన నోట వింటే చాలని నేను మొక్కని దేవుడు లేడు.

మా బిడ్డ సాక్షికి మాత్రం ఇంట్లోనే గురువు దొరికాడు. చిన్నప్పటి నుంచి బాపుతో ఫోన్లో అరబ్బీ ముక్కలు నేర్చుకుని, పెద్దయ్యాక దాన్నే చదువుకుంది. ఎవరో అరబ్బు దేశపు సినిమా బడి వాళ్ళ కోసం, పెద్ద తెర సినిమాలు ఆడించే పనిలోని ఇంగ్లీషు మాటలను అరబ్బీలోకి మార్చే పని పట్టుకుంది. పుస్తకాల్లో దొరకని మాటలకు మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఆయననే అడిగేది.

"ఏంది బిడ్డా ఆ మాటలు, నాకు గూడ జెర చెప్పు" అన్నాను ఒకరోజు.

"వైడ్‌స్క్రీన్ అమ్మా. తెర మస్తు వెడల్పుంటది. బాపు వాళ్ళు షాషా అరీదా అంటరు."

"పెద్ద పన్నా బొమ్మ అను." గుడ్డ వెడల్పును మేం పన్నా అంటాం.

"గట్లనే అనుకో. అంత బొమ్మ రీల్ల పట్టదు గదా, పక్కలకెళ్లి ఒత్తి సన్నగ చేస్తరు. మిషన్‌కు వేరే అద్దం పెడితే తెర మీద మళ్ళ వెడల్పయితది. ఆ అద్దాన్ని అదసా అంటరు."

ఆ మాట చెవిన పడగానే ఆయన కళ్ళు మెరిశాయి. "అదసా" అన్నాడు బిడ్డను చూసి. తండ్రీ కూతుళ్ళు నవ్వుకున్నారు. నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

మాది ఒకటే గది. మంచానికీ పొయ్యికీ నడుమ పాత చీరను రెండు ముక్కలు చేసి పరదా కట్టాను. పోపు ఘాటు ఆయనకు తగలొద్దని అందరికీ చెప్పాను. నిజానికి నేను ఏడిస్తే ఆయనకు కనబడొద్దని కట్టాను. రెండు ముక్కల నడుమ బెత్తెడు సందు ఉండేది.

చలికాలం వచ్చేసరికి ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు. "ఇఫ్తహ్ సితారా." పొద్దున అదే, మాపటికి అదే.

"ఏమంటుండు?" అని సాక్షిని అడిగాను.

"పరదా తెరువుమంటుండు. వెడల్పు సినిమా మొదలైతే, తెరకు రెండు దిక్కులున్న నల్ల పరదాలు ఇంకింత జరపాలె. లేకుంటే బొమ్మ అంచులు గుడ్డ మీద పడ్తయి. బాపు మిషన్ గదిలకెళ్లి ఒర్రేటోడట. గీ మాట ఏ డిక్షనరీల దొరకలేదమ్మా" అంటూ లాప్‌టాప్‌లో టకటకా కొట్టుకుంది.

ఆయన తల అడ్డంగా ఆడించాడు. "ఇఫ్తహ్" అన్నాడు మళ్ళీ.

"ఆఁ బాపూ, రాసిన" అంది సాక్షి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాకు అరబ్బీ రాదు. ఆ నీళ్ళు మాత్రం తెలుసు. మస్కట్‌కు పోయినప్పుడల్లా ధామన్కర్ నాకా చౌరస్తాలో ఆటో ఎక్కి నా వైపు తిరిగి చూసేవాడు, అప్పటి నీళ్ళే ఇవి. పొయ్యి దగ్గర నుంచే ఆయన చూపు ఎటుందో చూశాను. బిడ్డ మీద లేదు, సందులోంచి నా వైపే ఉంది. బెత్తెడు సందులోంచి నా మోచెయ్యి తప్ప ఇంకేం కనబడుతుంది?

"నీ మాటలు పాడుగాను, ఆయన మనింటి పరదా తియ్యమంటుండే" అని రెండు ముక్కలనూ గోడల దాకా జరిపాను.

ఆయన నన్ను నిండుగా చూశాడు. పిండి అంటిన చేతులు, రేగిన జుట్టు, ఏడ్చి ఉబ్బిన ముఖం. చాలాసేపు చూసి "తమామ్" అన్నాడు. అంతా బాగుందని అర్థమట. చెబుతూనే సాక్షి ఏడ్చేసింది. "ఏమే" అంటాడేమోనని నేను ఆయన నోటి వైపే చూశాను. అనలేదు.

ఆనాటి నుంచి పరదా వెయ్యలేదు. ఏడుపొస్తే ఆయన ముందే ఏడ్చాను, కోపమొస్తే ఆయన ముందే తిట్టాను. "ఇరవై ఏండ్లు ఫోన్ల గొంతే ఇస్తివి, ఇప్పుడు చూస్కో నా మొఖం" అనేదాన్ని. ఆయన చూసుకునేవాడు.

శివరాత్రికి ముందు ఒక పొద్దున చాయ్ పెడుతూ, అల్లం ధర ఎంత పిరమైందో ఆయనకు చెబుతున్నాను. జవాబు ఎలాగూ రాదు గనుక చెబుతూనే ఉన్నాను. చాయ్ వడగట్టి తలెత్తితే కళ్ళు నా వైపే ఉన్నాయి. ఆయన లేడు.

వాడకట్టు అంతా వచ్చింది. ఆయనకు స్నానం చేయించడానికి మగవాళ్ళు నీళ్ళు తెచ్చారు. నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పక్క ఖోలీ యమునాబాయి రెండు వైపుల నుంచీ పరదా లాగి మూసింది. అలా లాగడం పద్ధతే. సందులోంచి ఆయన పాదం ఒక్కటి కనబడింది.

"ఇఫ్తహ్" అన్నాను. నా నోటికి వచ్చింది అదే.

యమునాబాయి నా ముఖం చూసింది. దుఃఖంలో మతి తప్పిందనుకుందేమో, వీపు నిమిరింది. "ఇఫ్తహ్" అన్నాను మళ్ళీ. గది నిండా మనుషులున్నారు, నా మాట ఒక్కరికీ అర్థం కాలేదు.

సాక్షి లేచి వచ్చి పరదా తీసింది.