కుర్చీ మీద పాలిటీ పుస్తకం

"వద్దంటే వినరేంటి నాన్నా!" అంది భవ్య మూడోసారి.

"చల్లారిన అన్నం తింటే చదువేం ఎక్కుతుంది? ఒంటిగంటకి వేడివేడిగా నేను పట్టుకొస్తా. లైబ్రరీ ఎంత దూరం, రెండు సందులు!" వెంకటరామయ్య పట్టు వదల్లేదు.

"పోనీ తేనివ్వవే. ఇంట్లో ఉంటే నా పోపుకి తుమ్ముతూ, కూరలో ఉప్పు గురించి నాకే పాఠాలు చెబుతారు," అంది కమలాకుమారి వంటింట్లోంచి.

"నాన్నకి డెలివరీ ఉద్యోగం దొరికిందోచ్!" అన్నాడు తమ్ముడు తేజ.

భవ్యకి నవ్వు రాలేదు. "మోకాలి నొప్పితో మీరేం రావద్దు. రెండు దాటాక నేనే ఇంటికొచ్చి తింటాను," అనేసి చెప్పులేసుకుంది. ఒంటిగంటకి తను లైబ్రరీలో ఉండదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

సర్కారు ఉద్యోగానికి గ్రూప్ టూ పరీక్ష మూడుసార్లు రాసింది, మూడుసార్లూ పోయింది. అశోక్ నగర్ కోచింగ్‌లో పక్కన కూర్చున్నవాళ్లలో కొందరు ఉద్యోగాల్లో చేరారు, కొందరు ఊళ్లకి వెళ్లిపోయారు. తనకి మాత్రం పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. నాలుగు నెలల కిందట నారాయణగూడలో మందుల షాపు పైన స్పానిష్ నేర్పుతారన్న బోర్డు చూసి, ఊరికే కనుక్కుందామని మెట్లెక్కింది. మర్నాడు మళ్లీ ఎక్కింది.

అప్పట్నుంచీ ఇదే వరస. పొద్దున్నే లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ పట్టడం, పదకొండున్నరకి దాని మీద పాలిటీ పుస్తకం పెట్టి నారాయణగూడ వెళ్లడం, రెండింటికి తిరిగి రావడం. పుస్తకం పెట్టిన కుర్చీని అక్కడ చదువుకునేవాళ్లు ఎవరూ ముట్టుకోరు. ఇంట్లోవాళ్లెవరైనా తొంగిచూస్తే ఆ పుస్తకమే సాక్ష్యం.

ఆరోజు క్లాసులో కరుణాకర్ సారు బోర్డు మీద 'కొన్‌సెగీర్' అని రాశారు. సాధించడం.

"మనం 'దాన్ని' అని ముందు చెప్పి తర్వాత 'సాధించడం' అంటాం. వాళ్లు వెనక తోకలా తగిలిస్తారు. కొన్‌సెగీర్లో, దాన్ని సాధించడం. ఎవరికోసమో కూడా చెప్పాలంటే ఇంకో ముక్క తగిలించు. కొన్‌సెగీర్తెలో, నీకోసం దాన్ని సాధించిపెట్టడం. అంతా కలిపి ఒకటే మాట. ఏదీ, భవ్యా?"

భవ్య తడుముకోకుండా చెప్పింది.

"శభాష్! ఇంట్లో బాగా సాధన చేస్తున్నట్టుందే?"

పాలిటీ పుస్తకంలో నోట్సు దాచుకుని, పెదాలు కదలకుండా వల్లె వేస్తున్నానని ఎలా చెబుతుంది? నోట్సులో ఆ మాట రాసుకుంది.

రెండింటికి లైబ్రరీకి వచ్చేసరికి, తనలాగే గ్రూప్స్‌కి చదివే భాగ్యశ్రీ మెట్ల మీద ఎదురైంది. మహబూబ్‌నగర్ నుంచి కూలికొచ్చి రాంనగర్ బస్తీలో ఉంటున్నారు వాళ్లమ్మానాన్నలు. ఇంటిపని ముగించుకుని వచ్చేసరికి ఏరోజూ ఆమెకి కుర్చీ దొరకదు. మెట్ల మీదే చదువుకుంటుంది.

"అక్కా, మీ నాయిన అన్నం తెచ్చిండు. గంటసేపు నిలబడి ఇప్పుడే పోయిండు."

"నిలబడ్డారా? కూర్చోలేదా?"

"కూసోమన్న. 'అమ్మో, అది మా అమ్మాయి చదువుకునే కుర్చీ' అన్నడు. ఎవరో పిలగాడు పుస్తకం జరపబోతే గట్టిగనే లొల్లి పెట్టుకున్నడు. నువ్వు టీకి పోయినవని అబద్ధం చెప్పిన." తర్వాత గొంతు తగ్గించి అంది. "ఏడికి పోతవో నేనడుగ అక్కా. కానీ పరీక్ష ఇంక ఇరవై దినాలే ఉన్నది. జర గా కుర్చీ..."

భవ్యకి తల కొట్టేసినట్టయింది. పుస్తకం తీసేసి, "రా, కూర్చో," అంది. భాగ్యశ్రీ వెంటనే కూర్చుని చదువులో పడింది. నాన్న పెట్టి వెళ్లిన బాక్సు ఇంకా వెచ్చగానే ఉంది. భవ్య దాన్ని తెరవకుండానే సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వెంకటరామయ్య మోకాలికి నూనె రాసుకుంటూ తన ప్రతాపం చెప్పుకుంటున్నారు. "పుస్తకం మీద చెయ్యేస్తే ఊరుకోనన్నాను. వాడు జడుసుకున్నాడు!"

"చాల్లెండి, బొద్దింక కనబడితే మంచమెక్కే మనిషి," అంది కమలాకుమారి.

"టీ కొట్టు దగ్గర అంత రద్దీయా తల్లీ?" అన్నారాయన కూతుర్ని చూసి. ఆ గొంతులో అనుమానమన్నదే లేదు. భవ్య తట్టుకోలేకపోయింది అందుకే.

"నేను టీకి వెళ్లలేదు నాన్నా," అంది నేల చూపులు చూస్తూ. "నాలుగు నెలలుగా ఆ వేళకి నారాయణగూడలో స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఆ కుర్చీలో పుస్తకమే ఉంటుంది. నేనుండను."

ఆయన చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. తేజ ఫోను పక్కన పెట్టాడు. "రోజూ చదివే వస్తున్నానన్నావు కదే..." అంది అమ్మ. ఎవరూ కేకలెయ్యలేదు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది భవ్యకి.

"ఈసారి గ్రూప్స్ రాయను," అంది గొంతు పెంచకుండా. "ఇక ముందూ రాయను. నవంబరులో స్పానిష్ పరీక్ష ఉంది, అది రాస్తాను. రేపట్నుంచి ఇంట్లో చెప్పే నారాయణగూడకి వెళ్తాను."